‘రంగస్థలం’ అని కొట్టి చూడండి: ఒక నాటక పోస్టర్ ఫాంటు సమీక్ష

కళాభారతిలోనో గురజాడ కళాక్షేత్రంలోనో నాటకం వేసే సమాజాల కోసం విశాఖ కుర్రాళ్లు చేసిన హెడ్డింగ్ ఫాంటు ఇది. వృత్తం, అర్ధవృత్తం, చతురస్రం, త్రికోణం. అక్షరాలన్నీ ఈ నాలుగు ముక్కలతోనే కట్టారు. తలకట్టు మాత్రం విదూషకుడి టోపీలా కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది. ఫాంటుకి అందమంతా అక్కడే ఉంది.

తెలుగు ఎలాగూ గుండ్రటి లిపే కదా, వృత్తాల్లో పోసేస్తే చాలనుకుంటే దెబ్బతింటాం. కొమ్ము మామూలుగా అక్షరం పక్కన తగులుతుంది. ప, ఫ, వ లకు మాత్రం కిందికి దిగుతుంది, ఎందుకంటే వ పక్కన పెడితే మ అయిపోతుంది. వీళ్లు ఆ మెలిక మర్చిపోకుండా ‘వు’కి వేరే కొమ్ము గీశారు. ‘నవ్వు’లో కొమ్ము, వ ఒత్తు రెండూ కిందే చోటు కోసం తోసుకుంటాయి. ఒత్తును కుదించి కుడికి జరిపారు, చక్కగా ఇమిడింది.

చిక్కంతా లావు రకంతోనే. ‘రంగస్థలం’ కొడితే స కింది థ ఒత్తులో చుక్క పూడుకుపోతోంది. అసలక్షరం గీత మందాన్నే ఒత్తుకీ ఉంచేయడం దీనికి కారణం. ఒత్తు చిన్నదయ్యేకొద్దీ గీత సన్నబడాలి, లోపలి ఖాళీ విప్పారాలి. A3 కాగితం మీద చేత్తో పట్టుకుని చూస్తే తెలియదు గానీ, సిరిపురం కూడలిలో బస్సు కిటికీలోంచి చూసేవాడికి అది ‘రంగస్ధలం’. ఆ తప్పు రాసే బోర్డులు ఊళ్లో ఇప్పటికే బోలెడున్నాయి!

వరుసల ఎడం కూడా బిగుతే. అక్షరం 100 పాయింట్లయితే ఎడం 150కి తగ్గించొద్దు. ‘స్త్రీ’ లాంటి మాట పై వరుసలో పడితే దాని ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి.

ఫ్లెక్స్ షాపుకి టైపు చేసిన ఫైలు ఇవ్వకండి. అక్కడ చాలామందికి అలవాటైనవి యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లు, ఇదేమో యూనికోడ్. కోరెల్‌డ్రాలో కంట్రోల్-క్యూ కొట్టి కర్వ్స్ (అక్షరాలను గీతల బొమ్మలుగా) చేశాక, ముక్కల్ని ఒకటిగా కలిపే ‘వెల్డ్’ కూడా తప్పనిసరి. ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి కాబట్టి, వెల్డ్ చేయకపోతే వినైల్ కటింగ్ మెషీన్ అక్షరం మధ్యలోంచి కోసేస్తుంది. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పొల్లు కనబడితే అది ఫాంటు తప్పు కాదు, టైప్ సెట్టింగుల్లో ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ పెట్టుకోవాలి.

ఉచితంగా దొరికే ఫాంట్లలో రామభద్ర గంభీరమైనది, ఒకే మందం. బాలూ తమ్ముడు 2లో ఐదు మందాలున్నాయి, బొద్దుగా ముద్దొస్తుంది. హాస్య నాటిక టైటిల్‌కి మాత్రం ఈ విదూషకుడి టోపీయే నప్పుతుంది, అదీ మధ్యరకం మందంలో. నటీనటుల పేర్లకి వాడొద్దు, 24 పాయింట్లు దిగితే తలకట్లన్నీ కలిసి రంపం పళ్లలా కనబడతాయి. టికెట్ ధరకి మాత్రం వాడండి: 8 అంటే రెండు నిండు సున్నాలు, పై సున్నా కాస్త తూలుతున్నట్టుంటుంది.