ఫెంటర్మీన్ మాత్ర: 12 వారాల వాడకం, ఆ తర్వాతి 3 నెలలు

వైద్యులు రాసిచ్చే, ఆకలి తగ్గించే మందుల్లో ఫెంటర్మీన్ బాగా పాతది. అమెరికాలో దీనికి 1959లోనే అనుమతి లభించింది. వైద్యురాలి పర్యవేక్షణలో నేను దీనిని 12 వారాలు వాడాను. మొదలుపెట్టిన రోజున 94 కిలోలున్న నా బరువు చివరికి 87.5కు దిగింది. ఈ అంకె ఒక్కటే చూస్తే మందుకు మంచి మార్కులే వేయాలి గానీ, ఆ ఆరున్నర కిలోలు ఎలా తగ్గాయో, తర్వాత ఏమయ్యాయో చెప్పకుండా మార్కులు వేయడం న్యాయం కాదు.

రోజుకు ఒకటే మాత్ర, 37.5 మిల్లీగ్రాములు, ఉదయం పూట. మెదడులో నార్ఎపినెఫ్రిన్ అనే రసాయనం విడుదలను పెంచి ఇది ఆకలిని అణచివేస్తుంది. పెద్ద కంగారులో ఉన్నప్పుడు మనకు తిండి ధ్యాస ఎలా పోతుందో, ఇంచుమించు అలాంటి స్థితినే శరీరంలో కల్పిస్తుందన్నమాట. మూడో రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. సగం తినేసరికి చెయ్యి దానంతట అదే ఆగింది. కడుపు నిండి కాదు, ఇక తినాలన్న తొందర లేక. ఒక పూట తింటూనే తర్వాతి పూట గురించి ఆలోచించే నాకు ఆ నిశ్శబ్దం ఎంత వింతగా తోచిందంటే, కంచం ముందు నుంచి లేవకుండా కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆ నిశ్శబ్దం ఊరికే రాలేదు. మొదటి వారం నుంచే నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకునేది. రాత్రి తలగడ పక్కన నీళ్ల సీసా లేనిదే పడుకోలేకపోయాను. ఒక రోజు ఉదయం మరిచిపోయి, పదకొండు గంటలకు గుర్తొచ్చి మాత్ర వేసుకున్నందుకు తెల్లవారుజామున మూడు దాకా ఫ్యాను చప్పుడు వింటూ పడుకున్నాను. మలబద్ధకం సరేసరి. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది చిరాకు: ఇంట్లోవాళ్లు మామూలుగా అడిగిన మాటకు కూడా నేను విసుక్కున్నానని వాళ్లు చెప్పేదాకా నాకే తెలియలేదు.

తొమ్మిదో వారానికి మాత్ర పట్టు సడలింది. సాయంత్రాలు పాత ఆకలి మళ్లీ తలుపు తట్టసాగింది. మోతాదు పెంచమని అడిగితే వైద్యురాలు ససేమిరా అన్నారు. శరీరం ఈ మందుకు అలవాటు పడుతుందనీ, ఆంఫెటమిన్‌ అనే ఉత్తేజక మందుకు దగ్గరి చుట్టం కాబట్టి వ్యసనంగా మారే ప్రమాదమూ ఉందనీ, అందుకే దీనిని కొద్ది వారాలకే పరిమితం చేస్తారనీ వివరించారు. అప్పుడు కోపం వచ్చిన మాట నిజమే. మందు రాసేముందే ఆవిడ గుండె జబ్బు, రక్తపోటు, థైరాయిడ్, గ్లకోమా అనే కంటి జబ్బుల గురించి అడిగారు. గడిచిన 14 రోజుల్లో ఎంఏఓ నిరోధకాలనే కుంగుబాటు మందులు ఏమైనా వాడానా అని కూడా అడిగారు. ఈ ప్రశ్నలేవీ లేకుండా మాత్రలు చేతికిచ్చే చోటు ఏదైనా సరే, అక్కడ కొనకండి.

ఈ జాగ్రత్తలు చాదస్తమేమీ కాదు. ఇదే ఫెంటర్మీన్‌ను ఫెన్‌ఫ్లూరమీన్‌ అనే మరో ఆకలి తగ్గించే మందుతో కలిపి విరివిగా వాడిన రోజులున్నాయి. గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని తేలి 1997లో ఫెన్‌ఫ్లూరమీన్‌ను మార్కెట్టు నుంచి తీసేశారు. ఆకలిని తగ్గించే మరో మందు సిబుట్రమీన్ 2010లో గుండెపోటు, పక్షవాతాల భయంతోనే వెళ్లిపోయింది.

మాత్ర ఆపిన మూడు నెలలకు రెండున్నర కిలోలు తిరిగి వచ్చాయి. నిజానికి సాయంత్రం పూట నేను తినేది ఆకలితో కాదు, తోచక. దాన్ని మాన్పించే గుణం ఈ మాత్రకు లేదు. అయితే ఈ లోపాన్ని దీనికొక్కదానికే అంటగట్టలేము. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో ఒక పెద్ద పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గినా, ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. దాంతో పోలిస్తే నా రెండున్నర కిలోలు నయమే అనుకోవాలేమో. ఆ 12 వారాల్లో పట్టుబడిన చిన్న కంచం, సాయంత్రపు నడక ఇంకా నిలిచి ఉన్నాయి కాబట్టే మిగిలిన నాలుగు కిలోలూ నిలిచాయని నా నమ్మకం.

ఐదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. అందులో ఒకటి మోతాదు పెంచనన్న వైద్యురాలిది. నడుమ మరిచిపోయిన రోజులవి ఓ నాలుగు మాత్రలు డబ్బాలో మిగిలితే ఒక స్నేహితుడు తనకిమ్మని అడిగాడు. అతనికి రక్తపోటు ఉంది; ఇవ్వలేదు.