ఉప్పుగాలిలో నాలుగేళ్లు వాడాక ఈ క్విక్‌డ్రాల గురించి

క్విక్‌డ్రా అంటే కొండ ఎక్కేటప్పుడు రాతిలోని బోల్ట్‌కి రోప్‌ని కలిపే సాధనం: ఒక పొట్టి పట్టీ, దాని రెండు కొసలా ఒక్కో క్యారబినర్, అంటే నొక్కితే తెరుచుకుని వదిలితే మూసుకునే గేటున్న అల్యూమినియం కొక్కెం. కొన్న ఏడాదిలోపే వీటిని పొగుడుతూ ఒకసారి రాశాను. అప్పుడు రాసింది అబద్ధమేమీ కాదు. కాకపోతే అప్పటికి వీటిని సముద్రం దగ్గరికి తీసుకెళ్లింది నాలుగైదు సార్లే. ఇప్పుడు నాలుగేళ్లయింది. నెలకు రెండు మూడు సార్లు, అదీ ఎక్కువగా అలల తుంపర తగిలే కొండ మీదే వాడాను. బరువెంత, పొడవెంత అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా గోలంతా గేటు గురించే.

నా దగ్గరున్న పన్నెండింటికీ బోల్ట్ వైపు సాలిడ్ గేటు (నిండు కడ్డీ), రోప్ వైపు వైరు గేటు (వంచిన తీగ). అప్పట్లో నేను పొగిడింది సాలిడ్ గేటునే. ఆ వైపు క్యారబినర్ కొనకి కొక్కెంలాంటి గాడి ఉండదు కాబట్టి హ్యాంగర్‌కి, అంటే బోల్ట్‌కి బిగించిన చిల్లున్న లోహపు ముక్కకి, పట్టుకోకుండా నున్నగా జారి వస్తుంది. ముందుకు వాలిన గోడ మీద చేతులు పట్టేసినప్పుడు క్విక్‌డ్రాలు తీసుకుంటూ దిగేవాళ్లకి ఆ సుఖం ఏమిటో తెలుసు. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను, ఉప్పు తగలనంత వరకు.

ఇక ఆ రోజు సంగతి. అంతకు ముందు వారం ఎక్కి వచ్చి, సంచీని తడితోనే మూలన పడేశాను. లోపలి సామాను బయటికి తీయలేదు, కడగలేదు. ఆ తప్పు నాదే. మేం ఎక్కే రూట్ ఒక రాతి అరుగు మీద మొదలవుతుంది. ఆటు సమయంలోనే అది బయటపడుతుంది. పోటు వచ్చేలోపు రెండు రూట్లయినా ఎక్కాలని తొందర. గేట్లు ఒకసారి నొక్కి చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

నాలుగో బోల్ట్ దగ్గర ఎడమచేత్తో సన్నటి అంచు పట్టుకుని, కుడిచేత్తో క్విక్‌డ్రా తీసి హ్యాంగర్‌కి తగిలించాను. మామూలుగా ఆ క్షణంలో టక్కుమని చిన్న శబ్దం వస్తుంది. చెవి దానికి ఎంత అలవాటు పడిపోతుందంటే, అది వినగానే సగం టెన్షన్ దిగిపోతుంది. ఆ రోజు రాలేదు. అలల హోరులో కలిసిపోయిందేమో అనుకుని రోప్ అందుకోవడానికి చెయ్యి కిందికి పోనిచ్చాను. ఎందుకో మళ్లీ తలెత్తి చూశాను. గేటు సగం లోపలే ఆగిపోయి ఉంది, నోరు తెరిచిన చేపలా.

బొటనవేలితో నెడితే ఇసుక నమిలినట్టు కరకరలాడుతూ మూసుకుంది. నొక్కి వదిలితే మళ్లీ అలాగే ఉండిపోయింది. గేటు మూసి ఉన్న క్యారబినర్ నిలువునా కనీసం 20 కిలోన్యూటన్లు మోయాలి, తెరిచి ఉంటే 7 మోస్తే చాలు అంటుంది క్యారబినర్ల భద్రతా ప్రమాణం. అంటే సుమారు మూడో వంతు. ఈ లెక్క నాకు ముందే తెలుసు, పరీక్షకి బట్టీ పట్టినట్టు తెలుసు. ఉప్పుతేమ పట్టి సబ్బు రాసినట్టున్న రాయి మీద, ఎంత చాక్ రాసినా వేళ్లు జారుతున్నప్పుడు అదే లెక్క వేరేలా తెలిసింది. బలం తగ్గడం ఒక ఎత్తయితే, ఆ తెరిచిన నోట్లోంచి హ్యాంగర్ జారి క్విక్‌డ్రా మొత్తం ఊడి రావడం ఇంకో ఎత్తు.

"ఏంట్రా, క్లిప్ చేశావా?" అని కింద నుంచి బిలే చేస్తున్నవాడు, అంటే నేను పడితే ఆపడానికి రోప్ పట్టుకున్నవాడు.

"లేదు. వెనక్కి దిగుతున్నా, చూసుకో!"

మూడో బోల్ట్ దాకా ఒక్కో అడుగే వెతుక్కుంటూ దిగాను. అక్కడి గేటు మూసుకునే ఉందని రెండుసార్లు చూసుకుని, రోప్ బిగించమని "టైట్!" అని అరిచి దాని మీద కూర్చున్నాను. కాళ్లు వణకడం అప్పుడు మొదలైంది.

కిందికి వచ్చాక అన్నీ పరిచి ఒక్కొక్కటే నొక్కి చూశాం. సాలిడ్ గేట్లలో ఐదు పట్టేశాయి. రోప్ వైపు వైరు గేట్లు మాత్రం పన్నెండుకు పన్నెండూ టకటకా మూసుకున్నాయి. సాలిడ్ గేటు లోపల సన్నని స్ప్రింగ్, దాన్ని తోసే చిన్న పుల్ల ఉంటాయి. అక్కడికి చేరిన నీళ్లు ఆరిపోతాయి గానీ ఉప్పు పోదు. అల్యూమినియం తెల్లపొడిలా పొంగి దారి మూసేస్తుంది. వైరు గేటుకి విడిగా స్ప్రింగే లేదు, వంచిన ఆ స్టీలు తీగే స్ప్రింగ్.

ఇంటికొచ్చి గోరువెచ్చని మంచినీళ్లలో గేట్లు ఆడిస్తూ కడిగాను. ఆరాక మైనం కలిసిన లూబ్ (కందెన) ఒక్కో చుక్క వేసి, పట్టీకి అంటకుండా తుడిచాను. ఐదింట్లో మూడు దారికొచ్చాయి. రెండు మొండికేశాయి. పొరపాటున ఎవరూ వాడకుండా వాటి పట్టీలు కోసి పారేశాను.

ఆ ఊపులో వైరు గేట్లని నెత్తిన పెట్టుకునేవాణ్నే. కానీ కడిగేటప్పుడు చూస్తే, తీగ కొసలు దిగిన రంధ్రాల చుట్టూ తెల్లటి పొక్కులు. ఉప్పుతడిలో స్టీలు, అల్యూమినియం ఆనుకుని ఉంటే దెబ్బ తినేది అల్యూమినియమే. పట్టీ కదలకుండా పట్టే రబ్బరు ముక్క కింద ఇంకా ఘోరం, నీళ్లు నిలిచి గుంటలు పడ్డాయి. ఆ రబ్బరు ముక్కని కూడా అప్పట్లో ఒక వాక్యంలో మెచ్చుకున్నట్టు గుర్తు.

క్విక్‌డ్రాలనైతే ఇంటికి తెచ్చి కడుక్కోవచ్చు. రాతిలో దిగిన బోల్ట్‌ని ఎవరు కడుగుతారు? సముద్రం పక్కన స్టెయిన్‌లెస్ స్టీలు కూడా పైకి పెద్దగా తుప్పు కనపడకుండానే లోలోపల చీలగలదు. థాయ్‌లాండ్‌లోని రైలే, టోన్‌సాయ్ తీరాల రాతిగోడల మీద టైటానియం బోల్ట్‌లు జిగురుతో బిగిస్తున్నది అందుకే. ఆ లెక్కన నా గోల చిన్నదే.

మరి కొనొచ్చా? సముద్రానికి దూరంగా ఎక్కేవాళ్లైతే నా మొదటి పొగడ్తనే నమ్మండి, ఈ గొడవ మీకు రాకపోవచ్చు. సముద్రం దగ్గరే అయినా అదే రాత్రి కడిగి ఆరబెట్టే ఓపిక ఉంటే కూడా రాకపోవచ్చు. నాకు ఆ ఓపిక ఉండదు. తిరిగొచ్చేసరికి ఒళ్లు హూనమై, స్నానం చేసి పడుకుంటాను. మిగిలిన పదీ లోపలి కొండలకి పెట్టుకున్నాను. సముద్రానికి రెండు వైపులా వైరు గేట్లున్నవి కొన్నాను. వాటి కొన గాడి హ్యాంగర్‌కి పట్టుకుంటూనే ఉంది, నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అవి కొని ఇంకా ఆరు నెలలే, వాటిని ఇప్పుడే పొగడను.