ల్యాండింగ్ గేర్ పిస్టన్‌కి క్రోమ్ బదులు కార్బైడ్ పూత: పూతకి మంచి మార్కులు, గ్రైండింగ్ దగ్గరే తంటా

ఓవర్‌హాల్‌కి వచ్చిన పిస్టన్ మీద పాత హార్డ్ క్రోమ్ తీసేశాక మళ్ళీ క్రోమే వేయించాలా, హెచ్‌వీవోఎఫ్ గన్‌తో, అంటే ఆక్సిజన్‌తో ఇంధనం మండించి ఆ వేగంతో పొడిని చల్లే గన్‌తో, టంగ్‌స్టన్ కార్బైడ్ పూత పెట్టించాలా? పిస్టన్ బయటి ఒంటికైతే నిస్సందేహంగా రెండోదే. బోయింగ్ 787 గేర్లకు తయారీ నుంచే ఈ పూత వస్తోంది, 2021లో తయారీ ఆగిపోయిన ఎయిర్‌బస్ ఏ380కీ అలాగే వచ్చేది.

కరెంటుతో క్రోమ్ పూత (ప్లేటింగ్) వేసే తొట్టిలో లీటరుకి 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, అందులో నూరో వంతు సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. పంపిన కరెంటులో ఐదో వంతు పూతకి పోతే గొప్పే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం హైడ్రోజన్ బుడగల పాలు. ఆ బుడగలు పగిలి లేచే తుంపరలో ఉండేది క్యాన్సర్ తెచ్చే హెక్సావాలెంట్ క్రోమియం. అమెరికాలో 2006లో గాలిలో దాని పరిమితిని క్యూబిక్ మీటరుకి 5 మైక్రోగ్రాములకి దించారు. యూరప్‌లో 2017 సెప్టెంబరు 21 నుంచి ప్రత్యేక అనుమతి లేనిదే క్రోమిక్ ఆమ్లం వాడకూడదు. పైగా అదే హైడ్రోజన్ గేర్‌కి వాడే 300ఎం, 4340 లాంటి అతి బలమైన స్టీళ్ళలోకి దూరి వాటిని పెళుసు చేస్తుంది. అందుకే ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే ఓవెన్‌కి ఎక్కించి, 190 డిగ్రీల దగ్గర 23 గంటలు ఉంచాలి.

హెచ్‌వీవోఎఫ్‌లో ఆ తొట్టీ లేదు, ఆ బేకింగూ లేదు. పొడిలో 10 శాతం కోబాల్ట్, 4 శాతం క్రోమియం, మిగతాది టంగ్‌స్టన్ కార్బైడ్. క్రోమ్ గట్టిదనం వికర్స్ కొలతలో 800 నుంచి 1000 అయితే దీనిది 1000 పైమాటే. అలాగని దుమ్ము తేలిగ్గా తీసుకునేది కాదు. కోబాల్ట్ ఊపిరితిత్తులకి చేటు, గన్ మోత చెవులు పగిలేలా ఉంటుంది. మూసిన బూత్, డస్ట్ కలెక్టర్ లేకుండా మొదలుపెట్టకూడదు.

ముందు షాట్ పీనింగ్ (చిన్న గుండ్లతో కొట్టి పైపొరలో నొక్కుడు ఒత్తిడి తేవడం), తర్వాత పూత పట్టేలా అల్యూమినా గ్రిట్‌తో బ్లాస్టింగ్, ఆపై తిరుగుతున్న పిస్టన్ మీద స్ప్రే. అంతసేపూ ఉష్ణోగ్రత 177 డిగ్రీలు దాటకూడదు. దాటితే పీనింగ్‌తో వచ్చిన ఒత్తిడి సడలి, పదే పదే పడే బరువుని తట్టుకునే ఫటీగ్ బలం పోతుంది. కూలింగ్ గాలి తగ్గినా, గన్ ఒకేచోట నిలిచినా జరిగేది ఇదే. పక్కనే ఆల్మెన్ స్ట్రిప్ అనే, ఒత్తిడికి ఎటు వంగుతుందో చూసే పలచని స్టీలు పట్టీ మీద కూడా కొట్టించాలి. పూత వైపు ఉబ్బితే లోపల నొక్కుడు ఒత్తిడి ఉన్నట్టు. అటు గుంట పడితే ఆ పూత పగుళ్ళకి సిద్ధంగా ఉన్నట్టే.

షాపులు ఎక్కువగా తప్పేది ఇక్కడ కాదు, ఆ తర్వాత. క్రోమ్‌కి వాడే అల్యూమినా వీల్‌నే దీనికీ పెడితే వీల్ మొద్దుబారి రుద్దుతుంది, వేడికి పూత సన్నగా పగులుతుంది. డైమండ్ వీల్ కావాలి, కూలెంట్ ధారాళంగా పోవాలి. గ్రైండింగ్‌తో ఆపేసినా చిక్కే. క్రోమ్ మీద 0.2 నుంచి 0.4 మైక్రాన్ల ఆర్ఏ (ఉపరితలం సగటు గరుకుదనం) ఉంటే నడుస్తుంది. కార్బైడ్ మొనలు అరగవు కాబట్టి అదే గరుకు ఆకురాయిలా సీల్‌ని కొరికేస్తుంది, కొన్నాళ్ళకే హైడ్రాలిక్ ఆయిల్ కారుతుంది. సూపర్‌ఫినిష్ (మరింత సన్నగా నునుపు చేయడం) చేసి 0.1 మైక్రాన్‌కో ఇంకా కిందికో దించాలి. కొటేషన్‌లో ఈ పని విడిగా రాసి లేకపోతే చేయట్లేదనే అనుకోండి.

మందం 75 నుంచి 125 మైక్రాన్లలో ఉంటే భయం లేదు. అరిగిన సైజంతా దీంతోనే పూడ్చి పావు మిల్లీమీటరు దాటిస్తే, గేర్ గట్టిగా వంగినప్పుడు పెచ్చులూడే ప్రమాదం ఉంది. కింద నికెల్ పొర కట్టి, పైన దీన్ని పలచగా వేయించడం నయం.

సన్నని సిలిండర్ లోపలికి, లగ్ రంధ్రాలకి (పిన్ను దూర్చే చెవుల రంధ్రాలకి) ఇది పనికిరాదు. గన్‌కి ఎదురుగా కనిపించే చోటే పూత పడుతుంది, అదీ దాదాపు అడుగు దూరం నుంచి. అక్కడ ఎలక్ట్రోలెస్ నికెల్ (కరెంటు లేకుండా ద్రావణంలో వేసే పూత) గానీ నానో కోబాల్ట్-ఫాస్ఫరస్ ప్లేటింగ్ గానీ చూడాలి. ఏది వేయించినా ఆ పార్టు తయారీదారు మాన్యువల్ ఒప్పుకుంటేనే.

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏళ్ళుగా డిటొనేషన్ స్ప్రేతో (వాయువుల పేలుడుతో పొడిని చల్లే పద్ధతితో) ఇలాంటి కార్బైడ్ పూతల మీద పనిచేస్తోంది. కాబట్టి ఈ విద్య మనకి కొత్త కాదు. అయినా విమానం పార్టుకి ఆమోదం ఉన్న షాపే కావాలి. విమాన రంగ ప్రమాణాలైన ఏఎంఎస్‌లలో స్ప్రేకి 2448, గ్రైండింగ్‌కి 2449 ప్రకారం చేసినట్టు కాగితాలు, ఆల్మెన్ రీడింగులు, ఆర్ఏ రిపోర్టు చేతికి వచ్చాకే పార్టు తీసుకోండి. వచ్చే ఓవర్‌హాల్‌లో ఈ పూత ఎలా తీస్తారో కూడా ఇప్పుడే అడగండి. క్రోమ్ తీసే కాస్టిక్ సోడా తొట్టి దీనికి చాలదు, రోషెల్ సాల్ట్ తొట్టో హై ప్రెషర్ వాటర్ జెట్టో ఉండాలి.