ఆడపిల్లలకు మాత్రమే ఆటల క్లాసు, కోటమిట్ట వైపు, నెల్లూరు

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఇంట్లోనే ఉన్నా, మేడ మెట్లెక్కితే ఆయాసం. స్వర్ణాల చెరువు గట్టున నడవమని అందరూ చెప్తారు గానీ, మే నెల నెల్లూరు ఎండలో బుర్ఖా వేసుకుని నడిచి చూడండి, తెలుస్తుంది. అందుకే ఈ క్లాసు గురించి ఆపా (అక్క) చెప్పగానే చేరాను. నెలకు 300 రూపాయలు. అసర్ (సాయంత్రం) నమాజ్ అయ్యాక మొదలుపెట్టి మగ్రిబ్‌కి (పొద్దుగూకాక చేసే నమాజ్‌కి) ముందే వదిలేస్తారు కాబట్టి అమ్మీ కూడా ఏమీ అనలేదు.

నాకు నచ్చింది ఏంటంటే బరువు చూసే మెషిన్ లేదు, ముందు పావుగంట కబుర్లే, తర్వాత తాడాట, షటిల్, కాస్త స్ట్రెచింగ్. కిటికీలకు పాత దుప్పట్లు కట్టారు, ఫోన్లన్నీ తలుపు దగ్గర ప్లాస్టిక్ బుట్టలో పడేయాలి, ఫోటో భయం లేదు. మొదటిరోజు గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్ల మూడో వారానికి స్కార్ఫ్ నడుముకి బిగించి స్మాష్ కొడుతోంది! వారానికి కనీసం 150 నిమిషాలు కదలాలని డబ్ల్యూహెచ్‌వో అంటుంది, వారానికి రెండు క్లాసులు గంటన్నర చొప్పున, అంటే సరిపోయినట్టే.

కోపం వచ్చింది ఒక్కసారే. చెప్పకుండా ఫ్యాన్ బాగుచేసే అబ్బాయిని లోపలికి పంపేశారు, అందరం దుపట్టాల కోసం పరుగో పరుగు. ఇద్దరు ఆ తర్వాత రాలేదు. నిర్వాహకులు సారీ చెప్పి తలుపుకి గడియ పెట్టించారు, అయినా ఆ ఇద్దరి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బాత్రూమ్ ఒక్కటే, బ్యాట్లు రెండింటికి తీగలు తెగాయి.

రంజాన్‌లో టైమ్ మారుస్తారట. నేను కంటిన్యూ అవుతున్నా, చెల్లిని కూడా చేర్పించా.