విశాఖలో ప్రయోగశాల కోసం జీబ్రా చేపలు కొన్న అనుభవం: ఒక అక్వేరియం దుకాణం

మా ఫార్మసీ ప్రయోగశాల కోసం ఎంవీపీ కాలనీలోని ఒక అక్వేరియం దుకాణంలో రెండు విడతలుగా జీబ్రా చేపలు కొన్నాము. ఆ దుకాణం అలంకరణ చేపలది. కాబట్టి ఇంట్లో తొట్టె పెట్టుకునేవారి కంటే, మందుల పరీక్షకు ఈ చేపను వాడదలచిన విద్యార్థులకు, అధ్యాపకులకు ఉపయోగపడేలా ఇది రాస్తున్నాను.

మొదటి విడతలో తెచ్చిన 40 చేపలూ చురుకుగా ఉన్నాయి. పొట్ట గుండ్రంగా ఉండి వెండిలా మెరిసేవి ఆడవని, సన్నగా ఉండి చారల మధ్య పసుపు ఛాయ కనిపించేవి మగవని యజమాని ఓపికగా వేరుచేసి చూపించి, ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టి ఇచ్చారు. కుళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి ఆ నీటిని గాలి పంపుతో ఒక రోజు ఉంచమని ఆయన చెప్పిన మాట మాకు బాగా పనికివచ్చింది. నీటిని 28.5 డిగ్రీల వద్ద ఉంచి, రోజుకు 14 గంటలు వెలుతురు, 10 గంటలు చీకటి ఉండేలా చూశాము. మూడో వారంలో ఒక ఉదయం, దీపాలు వెలిగిన కొద్దిసేపటికే, తల్లిచేపలు గుడ్లను తినకుండా అడుగున పరచిన గోళీల సందుల్లో గుడ్లు కనిపించాయి.

మరునాడు మైక్రోస్కోపు కింద, గాజులాంటి గుడ్డు లోపల, ఇంకా రూపు కూడా పూర్తిగా రాని పిండంలో గుండె కొట్టుకుంటూ ఉంటే మా విద్యార్థులు ఒకరి తరువాత ఒకరు వచ్చి చూసి, మాట రాక నిలబడిపోయారు. ఎలుకలో గర్భం లోపల దాగి ఉండే ఎదుగుదల ఇక్కడ కళ్లెదుటే జరుగుతుంది. మందును నీటిలో కలిపితే చాలు, అది గుండె వేగాన్ని తగ్గించినా, రక్తప్రసరణను ఆపినా ప్రాణంతో ఉన్న పిండంలోనే చూడవచ్చు. మానవ జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఈ చేపలో సాటి జన్యువులు ఉన్నాయని 2013లో వెలువడిన జన్యుపటం తేల్చింది. అయితే దీనికి ఊపిరితిత్తులు లేవు, నీటిలో కరగని మందులను పరీక్షించడమూ కష్టమే.

రెండో విడత నిరాశపరచింది. తెచ్చిన 30 చేపల్లో కొన్ని పొడవు రెక్కల రకానివి. వారం తిరగకముందే రెక్కలపై తెల్లచుక్కలు వచ్చి 11 చనిపోయాయి. యజమాని వాదించకుండా వాటికి బదులు వేరేవి ఇచ్చారు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. అసలు లోటు మరొకటి: సరుకు కోల్‌కతా నుంచి వస్తుందని ఆయన నిజాయితీగానే చెప్పారు గానీ, ఏ చేప ఏ వంశానిదో చెప్పగల ఆధారం ఆయన దగ్గర లేదు, జంతువులపై ప్రయోగాలను పరిశీలించే మా జంతు నైతిక కమిటీ అడిగినది ఆ ఆధారమే. పరిశోధనశాలల్లో వాడే ఏబీ, ట్యూబింగెన్ వంటి వంశాలకు పుట్టుపూర్వోత్తరాల నమోదు ఉంటుంది. అది లేని చేపల్లో ఒకే మోతాదుకు ఒక గుడ్డు చనిపోయి పక్క గుడ్డు క్షేమంగా ఉంటే, తేడా మందువల్లనా, జన్యువులవల్లనా అన్నది తేల్చలేము.

అందువల్ల పరవాడ ఫార్మా కంపెనీల్లో ఉద్యోగాలకు సిద్ధమవుతున్న మా విద్యార్థులకు గుడ్ల సేకరణ, పిండాల పరిశీలన నేర్పడానికి ఈ దుకాణంలోనే కొంటాను, ప్రచురించవలసిన ఫలితాలకు మాత్రం కొనను. వెళ్లేవారు పొట్టి రెక్కల చేపలనే అడిగి తీసుకొని, రెండు వారాలు వేరే తొట్టెలో ఉంచాకే పాతవాటితో కలపండి.