మూడు యాసంగులు వాడిన పరదా: 250 జీఎస్ఎం టార్పాలిన్ మీద నా మాట

2023 మార్చి మూడో వారంలో తెలంగాణ మీద రాళ్లవాన విరుచుకుపడింది. మక్క చేలు పడుకున్నాయి, మామిడి పిందెలు రాలిపోయాయి. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎకరానికి 10 వేల రూపాయల సాయం ప్రకటించారు. మాది జగిత్యాల జిల్లా. ఆ వానలో మా రెండున్నర ఎకరాల వరి ఎలాగో బయటపడింది. కానీ ఏప్రిల్‌లో కోతలు. వడ్లు కల్లంలో ఉన్నప్పుడు ఇలాంటి వాన పడితే ఏంటన్న టెన్షన్‌తోనే ఈ పరదాలు కొన్నాం. అంతకుముందు మా ఇంట్లో ఉన్నది పల్చటి నీలం కవరు, వెలుతురులో పట్టి చూస్తే అవతలి మనిషి కనిపించేవాడు.

కొనేటప్పుడు ఏం చూడాలో ముందు చెప్తాను. చాలామంది అక్కడే మోసపోతున్నారు. దుకాణంలో మందం ఇన్ని మైక్రాన్లు, అన్ని మైక్రాన్లు అంటారు. మనకు కావాల్సింది జీఎస్ఎం, అంటే ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుందనేది. 8 మీటర్లు పొడవు, 6 మీటర్లు వెడల్పు అంటే 48 చదరపు మీటర్లు. నిజంగా 250 జీఎస్ఎం అయితే మొత్తం 12 కిలోలు తూగాలి. నేను కాంటా మీద పెట్టమన్నాను. మా ఆయన మొహమాటపడ్డాడు గానీ నేను వినలేదు. మొదట చూపించినదాని మీద 250 అని పెద్దక్షరాలతో అచ్చేసి ఉంది, తూకం 9 కిలోల చిల్లర వచ్చింది. రెండో కంపెనీది 11 కిలోల 800 గ్రాములు. అదే తీసుకున్నాం, రెండు పరదాలు, ఒక్కోటి 2,400. ఒకటి పైన కప్పడానికి, ఒకటి కింద పరవడానికి. కింద పరదా ఎందుకు దండగ అన్నవాళ్లున్నారు. వాన పైనుంచే కాదు, నేల మీద పారుకుంటూ కుప్ప కిందికీ వస్తుంది. కింద వడ్లు నానితే మొలకెత్తేది అక్కడే.

ఏప్రిల్ ఆఖరి మంగళవారం రాత్రి దీనికి అసలు పరీక్ష. కోత మిషన్ పోయి రెండు రోజులైంది. దాదాపు 60 క్వింటాళ్ల వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర కుప్ప పోసి ఉన్నాయి. సాయంత్రం దాకా ఎండ మండిపోయింది, గాలి ఆడలేదు, ఒళ్లంతా జిగట. ఏప్రిల్‌లో ఇలా ఉడికిన రోజే సాయంత్రానికి మబ్బు కమ్ముతుంది. నేల సెగకు తేమ గాలి పైకి ఎగదన్ని ఆ నిలువెత్తు క్యుములోనింబస్ మేఘాలు పుడతాయట. మా అత్తమ్మకు ఆ పేర్లేవీ తెలియవు. "బిడ్డా, గాలి తిరిగింది, లేవుండ్రి" అంది. పిడుగుల సమాచారం చెప్పే దామిని యాప్‌లో చూస్తే పిడుగుల గుర్తులు ఇంకా దూరంగానే ఉన్నాయి. ఉరుములు దగ్గరికి రాకముందే పరదా కప్పి, చుట్టూ ఇసుక బస్తాలు పెట్టి ఇంటికి వచ్చేశాం. ఉరుముతుంటే కల్లంలో ఉండొద్దు. వడ్లు పోతే మళ్లీ పండించుకుంటాం.

రాత్రంతా రాళ్లు, ఈదురుగాలి. తెల్లారి ఆరింటికి వెళ్లేసరికి పడమటి మూల పరదా లేచి పటపటా కొట్టుకుంటోంది. తాడు తెగలేదు, ముడి ఊడలేదు, అల్యూమినియం రింగే గుడ్డను చింపుకుని బయటికి వచ్చేసింది. ఈ సరుకులో పెద్ద లోపం అదే. మీటరుకొక రింగు పెట్టారు గానీ అంచు మడతలో తాడు లేదు, గాలి బలమంతా ఒక్క రింగు మీదే పడుతుంది. ఆ మూల ఒక బస్తా వడ్లు తడిశాయి. గుడ్డకు మాత్రం రాళ్ల దెబ్బకు ఒక్క చిల్లు పడలేదు. పైన నిలిచిన నీళ్లలో గోలీల్లాంటి రాళ్లు ఇంకా కరగకుండా ఉన్నాయి, కింద వడ్లు పొడిగా ఉన్నాయి.

పొడిగా అన్నాను గానీ, కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా ఉంది. పరదా లోపలివైపు ఆవిరి చుక్కలు, వేలితో గీస్తే గీత పడేంత. పచ్చి వడ్ల మీద మందపాటి పరదా వేస్తే ఇది తప్పదు, గాలి అస్సలు ఆడదు. వాన ఆగిన గంటలో తీసేయాలి. వాన మళ్లీ వస్తుందేమోనని మూడు రోజులు కప్పే ఉంచినవాళ్ల వడ్లు రంగు మారడం, ముక్కవాసన రావడం చూశాను. మేం వడ్లు అమ్మేదాకా పొద్దున తీయడం, సాయంత్రం కప్పడం, మధ్యాహ్నం మబ్బేస్తే మళ్లీ పరుగెత్తడం. లెక్కపెట్టలేదు గానీ భుజాలు పట్టేశాయి. 12 కిలోల పరదా తడిస్తే ఆడమనిషి ఒక్కతే లాగలేదు, ఇద్దరుండాలి.

మొదటిసారి మీటర్ పెడితే తేమ 21 శాతం చూపించింది. 17 శాతం దాటితే కేంద్రంలో కొనరు కదా. మే మొదటి వారంలో ఎండ దొరికిన పూటల్లా నేర్పి ఆరబోస్తే 16.5కి దిగింది. ఆ ఏడాది ఏ గ్రేడ్ కింద క్వింటాలుకు 2,060 రూపాయల మద్దతు ధరే వచ్చింది. తడిసిన బస్తా కోళ్లకు పోశాం.

ఇప్పటికి మూడు యాసంగులు వాడాం. కింద పరిచినది రాళ్లకు రాసుకుని అక్కడక్కడ చిల్లులు పడింది. పైన కప్పేది మడతల దగ్గర పొర లేస్తోంది. ఎండకు తట్టుకుంటుందని రాసి ఉన్నా ఇంటి పైకప్పు మీద వదిలేస్తే ఇన్నాళ్లు వచ్చేది కాదనుకుంటాను. పని అయ్యాక ఆరబెట్టి, చుట్ట చుట్టి అటక మీద పెట్టేదాన్ని. మడత పెట్టకండి, చుట్టండి.

గుడ్డకు ఐదుకు ఐదు, రింగులకు రెండు. చిరిగిన మూలలో గులకరాయి పెట్టి, గుడ్డతో సహా తాడుతో బిగించి కట్టాను, ఆ ముడి ఇప్పటికీ ఊడలేదు. ఈసారి కొనేటప్పుడు అంచులో తాడు ఉన్నదే అడుగుతాను, కాంటా మీద పెట్టించాకే.