మార్స్టన్ మూర్ నుంచి బిల్‌బరో దాకా, ఫెయిర్‌ఫాక్స్ వెనకాల రెండు రోజులు

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో రాజు మొదటి చార్లెస్‌కీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం జరిగింది, అందులో పార్లమెంటు వైపు పోరాడిన సేనాని ఫెయిర్‌ఫాక్స్. ముందుగా ఒక మాట, ఇంగ్లండ్‌లోని యార్క్ ఊళ్ళోకి కారు తీసుకెళ్ళకండి. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో (పేరెందుకులెండి) పార్కింగ్ ఉందన్నారు, తీరా చూస్తే ఒక్క కారు పట్టే చోటు, అందులో అప్పటికే ఎవరిదో కారుంది. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు, కిటికీ కిందే పబ్బు. మర్నాడు ఊరి బయట పార్క్ అండ్ రైడ్‌లో కారు పడేసి బస్సెక్కాక గానీ టెన్షన్ తగ్గలేదు.

ఆ యుద్ధంలో ఒక పెద్ద పోరు జరిగిన మార్స్టన్ మూర్ యార్క్‌కి పడమర 11 కిలోమీటర్లు. చూడ్డానికి ఏముందంటే రోడ్డు పక్కన ఒక రాతి స్తంభం, చుట్టూ పొలాలు, అంతే. "దీనికా పొద్దున్నే లేపావ్?" అంది మా ఆవిడ. 1644 జులై 2 సాయంత్రం ఇక్కడే పార్లమెంటు సైన్యపు కుడివైపు గుర్రపుదళం చెల్లాచెదురై, దాని నాయకుడు సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్ చెంప మీద కత్తి గాటుతో శత్రువుల మధ్య ఒంటరిగా మిగిలిపోయాడు. పార్లమెంటు వాళ్ళు గుర్తుగా టోపీకి పెట్టుకున్న తెల్లదాన్ని పీకేసి, రాజుగారి మనిషిలాగే వాళ్ళ బారుల్లోంచి గుర్రం తోలుకుంటూ అవతల కొసన ఉన్న తన వైపు సేనాని క్రామ్‌వెల్ దగ్గరికి చేరాడు. మేమూ లాంగ్ మార్స్టన్ వైపు నుంచి టాక్‌విత్ వైపు నడిచాం, బూట్లకి రెండంగుళాల బురద అంటుకుంది, ఎవరూ చంపడానికి రాకపోయినా ఆ దూరం చాలా దూరంలాగే అనిపించింది. నాకైతే ఈ యాత్రలో ఇదే ఫస్ట్ ర్యాంక్.

రెండు వారాలకి యార్క్ లొంగిపోయింది. ఊళ్ళోని పెద్ద చర్చి యార్క్ మిన్‌స్టర్ రంగుటద్దాల జోలికి సైనికుల్ని పోనివ్వలేదు ఫెయిర్‌ఫాక్స్, 1408లో పూర్తయిన తూర్పు కిటికీ ఇవాళ మనం చూస్తున్నామంటే అందులో ఆయన చలవ కూడా ఉంది. టికెట్ కాస్త ఎక్కువే, అయినా కట్టేయండి.

పిల్లలుంటే మాత్రం హెల్మ్‌స్లీ కోటకి వెళ్ళండి, పరిగెత్తడానికి బోలెడు చోటు. పాత కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సభ్యత్వం కార్డుంటే టికెట్ అక్కర్లేదు. ఇక్కడి ముట్టడిలోనే ఫెయిర్‌ఫాక్స్ భుజానికి తూటా తగిలింది. కోట లొంగాక మళ్ళీ పనికిరాకుండా పడగొట్టారు, తూర్పు బురుజు నిలువునా చీరేసినట్టు సగమే నిలబడి ఉంది.

చివరికి బిల్‌బరో. 1645లో పార్లమెంటు కొత్తగా కట్టిన సైన్యం న్యూ మోడల్ ఆర్మీకి అధిపతై నేజ్‌బీలో రాజుని ఓడించిన మనిషి, 1650లో స్కాట్లండ్ మీదికి దండెత్తనని రాజీనామా చేస్తే ఆ కుర్చీ క్రామ్‌వెల్‌కి వెళ్ళింది. క్రామ్‌వెల్‌కి లండన్‌లో పార్లమెంటు ముందే విగ్రహం, ఆయన పై అధికారికేమో ఈ చిన్న పల్లెటూరి చర్చిలో సమాధి. భార్య ఆన్‌ది కూడా ఇక్కడే. ఓడిన రాజు చార్లెస్ మీద జరిగిన విచారణలో జడ్జిగా ఫెయిర్‌ఫాక్స్ పేరు పిలిస్తే, ఆ విచారణకి రాకుండా ఉండేంత తెలివి ఆయనకుందని పైన గ్యాలరీలోంచి అరిచింది ఈవిడే. రెండు రోజుల్లో మా ఆవిడకి నచ్చింది ఈవిడొక్కతే.